తరంగంబాడిలో ఒక పొద్దున
మొన్న తమిళనాడులో ఒకప్పుడు డెన్మార్క్ వాళ్ల చేతిలో ఉన్న తరంగంబాడి వెళ్లాం, సముద్రం పక్కనే కింగ్స్ స్ట్రీట్, ఆ ఒక్క వీధిలోనే 1701 నాటి జియోన్ చర్చి, కాస్త ముందుకెళ్తే 1718లో కట్టిన న్యూ జెరూసలేం చర్చి, దాని ముందుగోడ మీద డెన్మార్క్ రాజుగారి కిరీటం గుర్తు ఇంకా ఉంది. లోపల జర్మన్ క్రైస్తవ మతప్రచారకుడు జీగెన్‌బాల్గ్ సమాధి. 1706లో వచ్చి తమిళం నేర్చుకుని 1715కల్లా తమిళంలో బైబిల్ కొత్త నిబంధన అచ్చేయించాడు, పోయేనాటికి 36 ఏళ్లే, అక్కడే చాలాసేపు కూర్చుండిపోయా.

ఇంకోటి, ఆయన పోయిన 1719లోనే ఇక్కడికొచ్చిన ఇంకో జర్మన్ మతప్రచారకుడు షుల్జ్ తర్వాత మద్రాసు వెళ్లి తెలుగు నేర్చుకుని, జర్మనీ తిరిగెళ్లాక హాలే ఊళ్లో మన తెలుగు పుస్తకాలు అచ్చేయించాడు! మన అక్షరాల కథలో ఈ తరంగంబాడి కూడా ఉందని తలుచుకుంటే ఒళ్లు జలదరించింది నిజంగా. బయటికొస్తే ఉప్పుగాలి, చర్చి గంట.