గడ్డి ఇవ్వరు, లెక్క మాత్రం తగ్గదు

మొన్న రాత్రి కుటుంబ ప్రార్థనలో మా చిన్నోడు వరసగా చదువుకుంటూ నిర్గమకాండం 5వ అధ్యాయానికొచ్చాడు. నిజం చెప్పాలంటే ఆరోజు నాకు బైబిల్ తెరిచే ఓపిక కూడా లేదు, మా ఆయన ఉద్యోగం పోయి నాలుగు నెలలు, పట్టుబట్టి ఉపవాస ప్రార్థన చేస్తే ఆ వారంలోనే అత్తయ్య బాత్రూంలో జారిపడి తుంటి విరిగింది, ఇంకేం అడుగుతాం అనిపించింది.

ఆ అధ్యాయంలో మోషే దేవుడు చెప్పినట్టే ఐగుప్తు రాజు ఫరో దగ్గరికెళ్లి, అక్కడ బానిసలుగా ఉన్న ఇశ్రాయేలు జనాన్ని పంపించమని అడిగాడు కదా, ఏమైంది? ఉన్న కష్టం రెట్టింపైంది. ఇటుకలకి గడ్డి ఇవ్వడం ఆపేసి మీరే తెచ్చుకోండి, రోజు లెక్క మాత్రం తగ్గకూడదు అన్నారు. పాపం జనం గడ్డికి బదులు కోసిన చేలల్లో మిగిలిన మోళ్లు ఏరుకుంటూ దేశమంతా తిరిగారు. (గడ్డి కలపని మట్టి ఆరేటప్పుడు పగుళ్లిస్తుందని మా మావయ్య చెప్పేవారు, ఊళ్లో మట్టిగోడలు పెట్టిన మనిషి.)

"మరి మోషే ఏం చేశాడమ్మా?" అన్నాడు వాడు. 22, 23 వచనాలు చదవమన్నా. తిరిగి దేవుడి దగ్గరికే వెళ్లి, నన్నెందుకు పంపావు, నీ జనాన్ని నువ్వు విడిపించనేలేదు అని మొహమాటం లేకుండా అడిగేశాడు. దేవుడు కోప్పడలేదు, నేనేం చేస్తానో ఇప్పుడు చూస్తావు అన్నాడు. నేనేమో ఇన్నాళ్లూ పిల్లల ముందు అంతా బానే ఉందని నటించడమే విశ్వాసం అనుకున్నా.

ఆ రాత్రి మా ఆయన ప్రార్థన ఒక్క ముక్కే, "ప్రభువా, మావల్ల కావట్లేదు". లోపల మంచం మీంచి అత్తయ్య గట్టిగా ఆమెన్ అన్నారు.