గొల్జీలో చక్కెర లెక్కలు
యాంటీబాడీ మందుల మీద ఏ చక్కెరలు ఎంత అతుక్కుంటాయో లెక్కగట్టే మా మోడల్ చెప్పిన గాలక్టోజ్ (వాటిలో ఒక చక్కెర) శాతం, ల్యాబ్ వాళ్లు పంపిన కొలత ఇవాళ దాదాపు కలిశాయి, ఆ ఆనందం ఇంకా తగ్గలేదు.

మందుగా వాడే యాంటీబాడీలను ఎక్కువగా చైనీస్ హామ్‌స్టర్ అండాశయ కణాల్లో పెంచుతారు. యాంటీబాడీ పెద్ద గొలుసులో 297వ స్థానం దగ్గర ఒక చక్కెరల కొమ్మ అతుక్కుంటుంది. చిన్నదే, కానీ అందులో ఫ్యూకోజ్ అనే చక్కెర లేకపోతే క్యాన్సర్ కణాలను చంపమని రోగనిరోధక కణాలకు అందే పిలుపు చాలా బలంగా ఉంటుంది. చిక్కేమిటంటే ఈ కొమ్మ ఇలాగే ఉండాలని జన్యువులో రాసి ఉండదు, కణంలో ప్రోటీన్లకు తుది మెరుగులు దిద్దే గొల్జీ అనే భాగంలో ఏ ఎంజైమ్ ముందు పట్టుకుంటే దాన్నిబట్టి రూపం మారిపోతుంది. 1997లో ఉమాన్యా, బెయిలీ అనే పరిశోధకులు ఇలాంటి కొమ్మల 33 రూపాలతో మొదలుపెట్టిన లెక్క 2005లో క్రాంబెక్, బెటెన్‌బా చేతుల్లో 7,565కి చేరింది. ఎంత ఓపికో!

మాంగనీస్ కాస్త పెంచితే గాలక్టోజ్ పెరుగుతుంది, అమ్మోనియా పేరుకుంటే తగ్గుతుంది, ఇవి ముందే తెలిసినవే, కానీ ఎంత అన్నది కణాలను పెంచే బయోరియాక్టర్ నడపకముందే చెప్పగలగాలి, నాకు కావాల్సింది అదే. బయోసిమిలర్లు (ఇప్పటికే ఉన్న జీవ మందును పోలిన మందులు) చేసేవాళ్లకు, మన హైదరాబాద్ జీనోమ్ వ్యాలీలో వాళ్లకైనా సరే, అసలు మందు చక్కెరలతో సరిపోల్చడం పెద్ద టెన్షన్.

కొమ్మ చివర చేరే మరో చక్కెర, సియాలిక్ ఆమ్లం మాత్రం మా లెక్కకు ఇంకా లొంగలేదు, వచ్చే వారం దాని మీదే కూర్చుంటాం.