చికున్‌గున్యా రోజుల్లో మా కుక్క పండు

శ్రావణమాసపు వానలకు మా కొబ్బరి తోటల్లో నీరు నిలవడం కొత్త కాదు. ఒలిచి పారేసిన డొక్కల్లోనూ పగిలిన చిప్పల్లోనూ గుక్కెడు నీరు చేరినా చాలు, పగటిపూట కుట్టే ఏడిస్ దోమ గుడ్లు పెట్టడానికి అంతకంటే చోటు అక్కరలేదు. అంబాజీపేటకు దగ్గరలోని మా ఊళ్లో ఆ ఏడు చాలా ఇళ్లలో ఎవరో ఒకరు మంచం పట్టారు. మా ఇంట్లో ఆ వంతు నాకు వచ్చింది. అమలాపురంలో రక్తపరీక్ష చేయించాక చికున్‌గున్యా అని తేలింది. దీనికి ప్రత్యేకమైన మందు లేదని, జ్వరానికి పారాసిటమాల్ వేసుకుంటూ నీళ్లు బాగా తాగి విశ్రాంతి తీసుకోవాలని, డెంగ్యూ కాదని తేలేవరకు వేరే నొప్పి బిళ్లల జోలికి పోవద్దని డాక్టరుగారు చెప్పారు.

జ్వరం త్వరగానే తగ్గింది గాని కీళ్లు వదలలేదు. తెల్లవారేసరికి మణికట్లు, చీలమండలు, వేళ్ల కణుపులు బిగుసుకుపోయేవి. అన్నం కలుపుకోవడానికి వేళ్లు ముడుచుకునేవి కావు. జడ అల్లుకోలేక మా ఆయన చేత ముడి వేయించుకున్న రోజులూ ఉన్నాయి; ఆ ముడి ఎలా ఉండేదో చెప్పకపోవడమే మర్యాద.

మా వైపు జబ్బు మనిషిని చూడవచ్చినవారు ఊరికే కూర్చోరు. చేయి పట్టుకుంటారు, కాళ్లు ఒత్తుతారు, తల నిమురుతారు. మా ఆడపడుచు వచ్చి, "అయ్యో వదినా, ఎలా ఉండేదానివి ఎలా అయిపోయావు!" అంటూ నా వేళ్లను తన రెండు చేతుల మధ్య నొక్కి పట్టుకుంది. ఆమె ప్రేమలో లోపమేమీ లేదు. ఆ నొప్పికి నా కళ్లలో నీళ్లు తిరిగితే, తనను చూసి మనసు కరిగిందనుకుని ఇంకా గట్టిగా పట్టుకుంది. చేయి లాక్కుంటే నొచ్చుకుంటుందని నేను మొహం పక్కకు తిప్పుకున్నాను. సరిగ్గా అప్పుడే, వసారా మెట్ల మీద మా మేనల్లుడు మా కుక్క పండును మెడ చుట్టూ చేతులు వేసి కావలించుకుని కూర్చోవడం కంటబడింది. పండు కూడా మొహం పక్కకు తిప్పుకుంది. నాలుకతో ముక్కు తడుముకుంది, నిద్ర వచ్చే వేళ కాకపోయినా నోరంతా తెరిచి ఆవులించింది, కనుగుడ్డు వారన తెల్లదనం నెలవంకలా కనబడింది. "చూడండి, ఎలా నవ్వుతోందో!" అన్నారు ఇంట్లోవాళ్లు. నాకు మాత్రం అది నవ్వని అనిపించలేదు.

ఆ తరువాత మంచం వసారాలోనే వేయించుకున్నాను గనుక, దాన్ని గమనించడానికి కావలసినంత తీరిక దొరికింది. పైనుంచి తల మీదికి వచ్చే చేతిని చూస్తే అది తల దించి తప్పుకునేది. అదే చేయి కింది నుంచి వచ్చి ఛాతీనో మెడ పక్కనో గోకితే కళ్లు సగం మూసి నిలబడేది. తోక ఊపిన ప్రతిసారీ సంతోషమని అనుకోవడానికి వీల్లేదు. కొత్తవారిని చూసి తోక నిటారుగా ఎత్తి, ఒళ్లు బిగబట్టి ఊపడం వేరు. మా ఆయన సైకిలు గంట వినగానే నడుమంతా కదిలేలా ఊపడం వేరు. ఇష్టమైనవారిని చూసినప్పుడు కుక్క తోక కుడివైపుకు కాస్త ఎక్కువగా ఊగుతుందని ఇటలీ పరిశోధకులు 2007లో ప్రకటించారు. నేనూ చాలాసేపు పరీక్షగా చూశాను గాని, నా కంటికి తోక తోకలాగే ఊగింది.

అది చూపే ప్రేమలో హడావుడి తక్కువ. మధ్యాహ్నం నా మంచం పక్కకు వచ్చి, వీపు మంచం కోడుకు ఆనించి, నా వైపు చూడకుండా పడుకునేది. నేను లేచి నాలుగడుగులు వేస్తే లేచి, ఆగితే ఆగి, గోడ పట్టుకుని నిలబడినప్పుడు ఒళ్లు నా పిక్కకు ఆనించేది. నా జబ్బు దానికి తెలిసిపోయిందని మా అత్తయ్య గట్టిగా నమ్మింది. నేను అంత దూరం పోను. నా నడక, ఒంటి వాసన మారిన సంగతి మాత్రం కుక్క పసిగట్టకుండా ఉండదు. ఒక్కొక్కప్పుడు తల ఎత్తి మెత్తని చూపుతో నా కళ్లలోకి చూసేది. కుక్క, యజమాని ఇలా ఒకరినొకరు చాలాసేపు చూసుకుంటే ఇద్దరిలోనూ అనుబంధానికి తోడ్పడే ఆక్సిటోసిన్ అనే హార్మోను పెరుగుతుందని జపాన్‌లోని అజబు విశ్వవిద్యాలయం వారు 2015లో చూపించారు. మనుషులు పెంచిన తోడేళ్లలో అది కనబడలేదట. అలాగని ముక్కూ మొహం తెలియని కుక్క కళ్లలోకి గుచ్చి చూడకూడదు, దానికది బెదిరింపు. పండుకు రేబిస్ టీకా ఏటా వేయిస్తున్నాం, అయినా మొహాన్ని గాని పుండును గాని నాకనివ్వము.

వేళ్లకు కసరత్తుగా దాని ఛాతీ మీద రోజూ మెల్లగా గోకేదాన్ని. కాసేపు గోకి చేయి తీసేస్తే, కావాలనుకుంటే మూతితో నా మోచేతిని నెట్టేది, వద్దనుకుంటే లేచి పోయేది. నన్ను చూడవచ్చినవారిలో ఇలా ఆగి అడిగినవారు తక్కువ. పోనుపోను పొద్దుటి బిగుతు తగ్గింది, కార్తీకమాసంలో జడ నేనే వేసుకున్నాను, సంక్రాంతికి ముగ్గుపిండి రెండు వేళ్ల మధ్య పట్టి సన్నగా గీత లాగగలిగాను. మబ్బు పట్టిన రోజున మణికట్టు ఇప్పటికీ కాస్త సలుపుతుంది.

ఆ పండుగకు వచ్చిన మా మనవరాలు చేతులు చాచి పండు మీదికి పరుగెత్తింది. పక్కగా కూర్చోబెట్టి, చేయి కిందుగా చాపి ఊరుకోమన్నాను. పండు వచ్చి వాసన చూసి, ఛాతీ గోకించుకుంది, పిల్ల ఆపితే మూతితో నెట్టింది. రెండోసారి ఆపినప్పుడు మాత్రం ఒళ్లు దులుపుకుని గడ్డిమేటు నీడకు పోయి పడుకుంది.

"నేనంటే ఇష్టం లేదా అమ్మమ్మా?" అంది పిల్ల.

"ఇష్టమేనే. ఇక చాలంటోంది, అంతే" అన్నాను. అది కాసేపు ఆలోచించి, అయితే తనకు అరిసె పెట్టమంది.