"ఇబ్బందేం లేదండీ": హూడాస్ ఇంటర్వ్యూలో నా అనుభవం

స్కిజోఫ్రీనియా, బైపోలార్, తీవ్ర డిప్రెషన్ ఉన్న పెద్దవాళ్లలో వైకల్యం ఎంతో తేల్చడానికి నేను వాడేది ప్రపంచ ఆరోగ్య సంస్థ వారి ప్రశ్నావళి, హూడాస్ 2.0 (WHODAS). ఇందులో 36 ప్రశ్నలు, 6 విభాగాలు: అర్థం చేసుకుని మాట్లాడటం, తిరగడం, తన ఒంటి సంగతి తాను చూసుకోవడం, మనుషులతో మెలగడం, ఇంటి పని-ఉద్యోగం, నలుగురిలో కలవడం. అడగాల్సింది గడిచిన 30 రోజుల గురించే. జవాబు 'లేదు' నుంచి 'చాలా తీవ్రం, లేదా చెయ్యలేను' దాకా ఐదు మెట్లు. మాన్యువల్ ప్రకారం 20 నిమిషాల పని. నేను గంట పెట్టుకుంటాను, మధ్యలో ఒకసారి ఆపుతాను. ధ్యాస చెదిరాక జవాబులన్నీ ఒకే గడిలో పడుతుంటాయి.

అసలు చిక్కు 'ఇబ్బంది' అన్న మాటతోనే. ఎక్కువ కష్టపడటం, నొప్పి లేదా అసౌకర్యం, నెమ్మదించడం, చేసే తీరు మారడం, ఇవన్నీ ఇబ్బంది కిందికే వస్తాయని కార్డు చూపించి ముందే చెప్పాలి. చెప్పినా సరే, ఒళ్లంతా కడుక్కోవడం గురించి అడిగితే నెల రోజులుగా స్నానం చెయ్యని మనిషి "ఇబ్బందేం లేదండీ" అంటారు. అది అబద్ధం కాదు. చెయ్యనే లేదు, ఇంక ఇబ్బంది ఎక్కడిది? అప్పుడు "ఆఖరుసారి ఎప్పుడు చేశారు? ఎవరైనా గుర్తు చేశారా?" అని అడిగి, మళ్లీ అసలు ప్రశ్నను ఉన్నదున్నట్టు చదువుతాను. జబ్బు వల్లే మానేశారని తేలితే 'చెయ్యలేను' గడి. జబ్బుతో సంబంధం లేకుండా ఆ అవసరమే రాకపోతే 'వర్తించదు'. ఈ రెండూ కలిసిపోతే స్కోరు అటో ఇటో ఒరిగిపోతుంది.

ఇంట్లోవాళ్ల సాయం ఇంకో మెలిక. రోజూ అందే సాయంతో కలిపే ఇబ్బందిని లెక్కించాలన్నది నియమం. బట్టలు తీసిచ్చి, వెంటపడి తయారు చేయించే మనిషి ఇంట్లో ఉంటే స్కోరు తక్కువే, అంటే వైకల్యం తక్కువన్నట్టే వస్తుంది. అందుకే ఎవరు ఏం చేసిపెడుతున్నారో పక్కన రాసుకుంటాను.

డిప్రెషన్‌లో "నావల్ల ఏదీ కాదు" అంటారు, మేనియా (బైపోలార్‌లో ఉత్సాహం హద్దు దాటే దశ) ఉన్నప్పుడు అన్నీ బ్రహ్మాండమే. ఇంట్లోవాళ్లను ప్రాక్సీ ఫారంతో (రోగి గురించి వేరేవాళ్లు జవాబు చెప్పేది) విడిగా అడుగుతాను కానీ రెండు జవాబులనూ ఒక కాగితం మీద కలపను. 30 నిమిషాలు నిలబడే ప్రశ్న దగ్గర మందుల వల్ల కాళ్లు నిలవనివ్వని అలజడి ఉందేమో చూస్తాను. అదీ ఆరోగ్య సమస్యే. ఆసుపత్రిలో గడిచిన నెలైతే ఆ సంగతి రాసిపెడతాను, లేకుంటే వచ్చే నెల స్కోరు చూసి లేని మెరుగుదల ఉందనుకుంటాం.

లెక్క దగ్గర తప్పులు మామూలే. ఒకరు మెట్లకు 0 నుంచి 4 వేస్తారు, ఇంకొకరు 1 నుంచి 5. ఏది వాడారో రాయకపోతే పోల్చడం కుదరదు. ఉద్యోగమో చదువో లేనివాళ్లకు ఆ 4 ప్రశ్నలు వదిలి 32తోనే స్కోరు కడతాం. జవాబు రాని ఖాళీలు మొత్తం రెండుకు మించకూడదు, ఒక విభాగంలో ఒకటికి మించకూడదు. అప్పుడే ఆ విభాగం సగటుతో పూరించొచ్చు.

చివర్లో రోజుల లెక్క ఉంటుంది. పనులు బొత్తిగా చెయ్యలేకపోయిన రోజులు ముందు అడిగి, వాటిని మినహాయించి, తగ్గించుకున్న రోజులు తర్వాత అడగాలి. ఆ 'మినహాయించి' అన్న మాట మింగేస్తే రెండూ కలిపి 30 దాటుతాయి, ఫారం వెనక్కి వస్తుంది.