జిల్లా పేజీలో దాగిన ఓటు

అమెరికాలో అధ్యక్ష ఎన్నికలకు రెండు వారాలు కూడా లేవనగా, 2024 అక్టోబరులో, వాషింగ్టన్ పోస్ట్ పత్రిక ఈసారి ఏ అభ్యర్థికీ మద్దతు ప్రకటించబోమని చెప్పింది. కొద్ది రోజుల్లోనే రెండు లక్షలకు పైగా చందాలు రద్దయ్యాయని వార్తలు వచ్చాయి. అదే సంవత్సరం న్యూయార్క్ టైమ్స్ కూడా తమ నగరంలో, రాష్ట్రంలో జరిగే ఎన్నికలకు సంపాదకీయ మద్దతు ఇవ్వడం మానుకుంది. ఆ వార్తలు చదివినప్పటి నుంచి నన్ను ఒక ఆలోచన వదలడం లేదు. వాళ్లు మానేసిన పనిని మన తెలుగు పత్రికలు అసలు మొదలే పెట్టలేదు. "ఈ నియోజకవర్గంలో ఫలానా అభ్యర్థికి ఓటు వేయండి, కారణాలు ఇవి" అని తన పేరు మీద రాసిన పెద్ద తెలుగు దినపత్రిక సంపాదకీయాన్ని నేను ఇంతవరకు చదవలేదు. అయినా ఏ పత్రిక ఏ పార్టీదో ఏ టీకొట్టు దగ్గర అడిగినా తడుముకోకుండా చెబుతారు.

మన దగ్గర మద్దతు సంపాదకీయంలో కాదు, జిల్లా పేజీలో ఉంటుంది. ఎన్నికల రోజుల్లో నేను మూడు పత్రికల జిల్లా అనుబంధాలను పక్కపక్కన పరుచుకుని చదువుతాను. ఒకే ఊళ్లో, ఒకే సాయంత్రం జరిగిన సభకు ఒక పత్రికలో "పోటెత్తిన జనం" అనే శీర్షిక, వేదిక మీద నుంచి తీసిన నాలుగు కాలాల ఫొటో ఉంటాయి. రెండో పత్రికలో "వెలవెలబోయిన సభ" అని, వెనక వరుసల ఖాళీ కుర్చీల ఫొటో ఉంటుంది. ఆ రెండు ఫొటోలూ నిజమైనవే, ఏదీ కల్పన కాదు. కెమెరా ఎక్కడ నిలబడాలి, ఏ నిమిషంలో మీట నొక్కాలి అనే దగ్గరే పత్రిక తన ఓటు వేసేసింది. సంపాదకీయంతో పాఠకుడు వాదించగలడు, ఖాళీ కుర్చీ ఫొటోతో వాదించలేడు.

ఈ బలం ఎక్కడి నుంచి వచ్చిందో తెలియాలంటే ఈనాడు దగ్గరికి వెళ్లక తప్పదు. రామోజీరావు 1974 ఆగస్టు 10న విశాఖపట్నంలో ఆ పత్రికను ప్రారంభించారు. 1982 మార్చిలో ఎన్టీఆర్ తెలుగుదేశం పార్టీని స్థాపించినప్పుడు ఈనాడు ఆయన పర్యటనలను ఊరూరా వెంబడించి రాసింది. తొమ్మిది నెలల్లో ఆయన ముఖ్యమంత్రి అయ్యారు. ఇదంతా పత్రిక ఘనతే అనేవారు నేటికీ ఉన్నారు కాని, ఆ లెక్క నాకు పూర్తిగా ఒప్పుదల కాదు. 1989లో, 2004లో కూడా ఈనాడు రాష్ట్రంలో అగ్రపత్రికే, అయినా తెలుగుదేశం ఓడిపోయింది. రాజశేఖరరెడ్డి "ఆ రెండు పత్రికలు" అంటూ ఈనాడును, ఆంధ్రజ్యోతిని సభల్లో విమర్శిస్తూనే 2009లో మళ్లీ గెలిచారు. 2008లో వచ్చిన సాక్షి విషయమూ అంతే. ఆ పత్రిక అండగా ఉన్న వైఎస్సార్ కాంగ్రెస్ 2019లో 151 స్థానాలు గెలిచింది, అదే అండతో 2024లో 11కు పడిపోయింది.

గెలుపోటములను నిర్ణయించలేని పత్రిక, జనం దేని గురించి మాట్లాడుకోవాలో మాత్రం నిర్ణయించగలదు. 1992లో నెల్లూరు జిల్లా దూబగుంట మహిళలు మొదలుపెట్టిన సారా వ్యతిరేక పోరాటాన్ని ఈనాడు పేజీలకు పేజీలు కేటాయించి ఊరూరికీ చేర్చింది. 1993లో ప్రభుత్వం సారాను నిషేధించవలసి వచ్చింది. 1994 ఎన్నికల్లో సంపూర్ణ మద్యనిషేధం ప్రధాన హామీ అయింది. ఆ పత్రిక రాజకీయాలతో ఎంత విభేదించినా, ఆ పని మాత్రం పత్రిక అన్నది చేయవలసిన పనేనని నేను గట్టిగా నమ్ముతాను.

అదే శక్తి పంచాయతీ స్థాయికి దిగినప్పుడే నాకు బాధ కలుగుతుంది. సర్పంచి ఎన్నికలు చట్టప్రకారం పార్టీ గుర్తులు లేకుండా జరగాలి. ఆంధ్రప్రదేశ్‌లో 2021 ఫిబ్రవరిలో నాలుగు విడతలుగా ఆ ఎన్నికలు జరిగినప్పుడు, ప్రతి విడత మర్నాడూ మద్దతుదారుల పట్టికలు అచ్చయ్యాయి, పత్రిక మారితే లెక్క మారింది. మంచినీటి ట్యాంకు కోసమో, శ్మశానం దారి కోసమో ఊరంతా కలిసి గెలిపించుకున్న మనిషి తెల్లవారేసరికి ఏదో ఒక పార్టీ ఖాతాలో చేరిపోయాడు. ఆ ముద్ర అయిదేళ్లపాటు ఆయనను వదలదు, నిధులు అడగడానికి వెళ్లిన ప్రతి గడపలోనూ అదే ఎదురవుతుంది.

ఇక డబ్బు సంగతి. 2009 ఎన్నికల్లో "ప్యాకేజీ" అనే మాట తెలుగునాట ప్రతి విలేకరికీ తెలుసు. అభ్యర్థి ఇచ్చిన సొమ్మును బట్టి వార్త ముసుగులో ప్రచారం అచ్చయ్యేది. ప్రెస్ కౌన్సిల్ తరఫున పరంజయ్ గుహ ఠాకుర్తా, కలిమెకొలన్ శ్రీనివాసరెడ్డి 2010లో ఈ వ్యవహారంపై వివరమైన నివేదిక ఇచ్చారు. ఆ తరువాత ఎన్నికల సంఘం జిల్లాల్లో మీడియా పర్యవేక్షణ కమిటీలు వేసింది. కాని చెల్లింపు రశీదు లేని పక్షపాతాన్ని ఏ కమిటీ పట్టుకోగలదు? అందులో మండల విలేకరిని తప్పుపట్టడానికి నాకు మనసొప్పదు. చాలీచాలని రాబడితో, ప్రకటనల టార్గెట్ మోస్తూ తిరిగే మనిషి రాసి పంపిన వార్తకు శీర్షిక, స్థానం డెస్కులోనే ఖరారవుతాయి.

నేను కోరేది చిన్న మార్పు. పోలింగుకు వారం ముందు, సంపాదకీయ పేజీలో, మా నియోజకవర్గంలో ఎవరిని ఎందుకు సమర్థిస్తున్నారో పత్రిక తన పేరుతో రాయాలి. అవతలి అభ్యర్థిలో ఏ లోపం చూశారో కూడా చెప్పాలి. ఆ తరువాత జిల్లా పేజీలోని విలేకరిని, ఫొటోగ్రాఫరును తమ పని తాము చేసుకోనివ్వాలి. అలాంటి సంపాదకీయం వచ్చిన రోజున, అందులో నాకు నచ్చని అభ్యర్థి పేరే ఉన్నా, నేను ఆ పత్రిక చందా మానను.