నలభై పెడితే పదిహేను, దానికో పాట

“ఎంతసేపని నిలబడతావు? వచ్చి కూర్చో హనీ” అంటూ ఆవిడ పక్క కుర్చీలో ఉన్న తన హ్యాండ్‌బ్యాగ్ తీసి ఒళ్లో పెట్టుకుంది. డెబ్బై దాటి ఉంటాయి. లాస్ వెగాస్‌లో ఒక క్యాసినోలో మా కొత్త స్లాట్ మెషీన్, అంటే పందెం పెట్టి నొక్కితే బొమ్మలు తిరిగే జూదం యంత్రం, ఫీల్డ్ ట్రయల్ జరుగుతోంది. ఆ ఊరున్న నెవాడా రాష్ట్రంలో కొత్త మెషీన్‌కి పూర్తి అనుమతి వచ్చే ముందు ఇలా కొన్నాళ్లు నిజమైన జనం మధ్య పెట్టి చూస్తారు. ఎక్కడైనా హ్యాంగ్ అవుతోందా, డబ్బు లెక్క చూపే మీటర్లు తప్పుతున్నాయా చూసి రమ్మని ఆఫీసు వాళ్లు నన్ను పంపారు. రెండు గంటలుగా నిలబడి నోట్స్ రాసుకుంటుంటే, అంత పెద్ద హాల్లో నన్ను పట్టించుకున్నది ఆవిడ ఒక్కతే.

కూర్చున్నాక నాకు ఆట నేర్పడం మొదలుపెట్టింది. “ఇదిగో, ఒకే తెర మీద నాలుగు ఆటలు. ఒక్కసారి నొక్కితే నాలుగూ తిరుగుతాయి. ఒకటి ఇవ్వకపోతే ఇంకొకటి ఇస్తూనే ఉంటుంది. మంచి మెషీన్!” అది తయారుచేసినవాళ్లలో నేనూ ఉన్నానని చెప్పలేదు. ఆడేవాళ్లతో ఆట గురించి మాట్లాడొద్దని ముందే చెప్పి పంపారు. ఆవిడ నొక్కుతోంది, మెషీన్ పాడుతోంది, పాడినప్పుడల్లా ఆవిడ సంబరంగా నా వైపు చూస్తోంది. నేను మాత్రం తెర కింద మూల ఉన్న క్రెడిట్ల అంకెనే, అంటే ఆవిడ వేసిన డబ్బులో ఆడటానికి ఇంకా మిగిలిన పాయింట్లనే, చూస్తున్నాను. నేను కూర్చున్నప్పుడు 900 పైన ఉంది. పావుగంటలో 300కి దిగింది.

ఆ రాత్రి నిద్ర పట్టలేదు.

ఈ ఉద్యోగంలో చేరిన కొత్తలో అమ్మ ఫోన్‌లో ఒకటే అడిగింది. “ఎవరి డబ్బు నాన్నా అది?” అప్పుడు నాకు కోపం వచ్చింది. ఇది చాటుమాటు వ్యవహారం కాదమ్మా, లైసెన్స్ ఉన్న పని అని గంటసేపు చెప్పాను. నేను చెప్పినవన్నీ నిజమే. పెట్టిన పందేల్లో లెక్క ప్రకారం కనీసం 75 శాతం తిరిగి ఇచ్చేలా మెషీన్ ఉండాలని నెవాడా నియమం. ఫలితాన్ని నిర్ణయించేది యాదృచ్ఛిక సంఖ్యల ప్రోగ్రామ్. అది ఒకసారి ఫలితం ఎంచుకున్నాక, ‘అయ్యో, కొద్దిలో తప్పిపోయింది’ అనిపించేలా మెషీన్ తెర మీది బొమ్మల్ని మళ్లీ మార్చడానికి వీల్లేదు. 1980ల చివర్లో అలా చేసే మెషీన్ల మీద ఇక్కడ పెద్ద గొడవే జరిగింది.

ల్యాబ్‌లో మా మెషీన్‌ని పరీక్షించే పెద్దాయన ఒకరున్నారు. రీల్స్, అంటే తెర మీది బొమ్మల వరుసలు, తిరుగుతుండగా పవర్ తీగ లాగేస్తారు. ఒకే ఆట అయితే పెద్ద కష్టం కాదు. నాలుగు ఒకేసారి నడుస్తున్నప్పుడు మొదటిది ఆగిపోయి, రెండోది తిరుగుతూ, మూడోది బోనస్‌లో ఉండొచ్చు. అయినా అన్నిటికీ కలిపి క్రెడిట్ మీటర్ ఒక్కటే. కరెంటు తిరిగొచ్చేసరికి ఒక్కో ఆటా ఎక్కడ ఆగిందో అక్కడి నుంచే మొదలవ్వాలి, ఒక్క సెంటు కూడా తేడా రాకూడదు. కరెంటు పోయినా చెరగని మెమరీలో ఏది ముందు రాయాలి, ఏది తర్వాత అన్నదాని మీదే నేను ఐదు నెలలు కూర్చున్నాను. ఆయన నూట యాభై సార్లకు పైగా తీగ లాగారు. ఒక్కసారీ లెక్క తప్పలేదు. ఆడేవాళ్ల పైసా పోకూడదని అంత పట్టుదలగా పనిచేసే మనుషుల్ని నేను అంతకుముందు చూడలేదు. ఆయనంటే నాకు ఈరోజుకీ గౌరవమే.

మరి ఆ పెద్దావిడ ముందు నాకెందుకు మాట పడిపోయింది? కాగితం తీసుకుని లెక్క వేశాను. ఒక్కో ఆటలో ఏదో ఒకటి తగిలే అవకాశం 30 శాతం అనుకుందాం. నాలుగు ఆటలూ దేనికది విడిగా తిరుగుతాయి కాబట్టి నాలుగూ ఖాళీగా పోయే అవకాశం 24 శాతమే. అంటే నాలుగు నొక్కుళ్లలో దాదాపు మూడింటికి ఏదో ఒకటి తగులుతుంది. ఆటకి పదేసి చొప్పున నలభై క్రెడిట్లు పెడితే, ఒక ఆటలో పదిహేను రావచ్చు. నిజానికి ఇరవై ఐదు పోయాయి. కానీ ఆ ఆటకి గెలుపు వచ్చింది కదా, అందుకని పాట మొదలవుతుంది. ఒకే ఆట ఉన్న మెషీన్ కోసం రాసిన పాటని నాలుగింటికీ అలాగే తగిలించాం. తిరిగి ఇచ్చే శాతం మారలేదు. మారింది, ఆవిడ చెవికి వినపడేదే. పోతున్న ప్రతిసారీ గెలుస్తున్నట్టు వినపడుతోంది.

మొత్తం గెలుపు మొత్తం పందెం కంటే ఎక్కువైతేనే పాట రావాలని రివ్యూలో అడిగాను. కోడ్‌లో ఒక్క షరతు చేరిస్తే చాలు. బ్రిటన్‌లో ఆన్‌లైన్ స్లాట్లకు 2021 అక్టోబర్ 31 నుంచి ఈ నియమం ఉందని చూపించాను. పెట్టినదాని కంటే ఎక్కువ రాకపోతే అక్కడ సంబరాల శబ్దాలు పెట్టకూడదు. ఒకేసారి రెండు మూడు స్లాట్ ఆటలు ఆడేందుకు తెరను ముక్కలు చేసి ఇవ్వడాన్నీ ఆపేశారు. ఆ రెండో ముక్క చదువుతుంటే నా గొంతు నాకే కొత్తగా వినిపించింది, ఎందుకంటే మేం చేస్తున్నది సరిగ్గా అదే. “నెవాడాలో మనల్ని ఎవరూ అలా అడగలేదు. పాట తీసేస్తే మెషీన్ చచ్చినట్టుంటుంది” అన్నారు మేనేజర్. తిట్టలేదు, మర్యాదగానే చెప్పారు. అమ్మతో నేను మాట్లాడిన పద్ధతీ ఇదేనని అప్పుడు తట్టింది. నియమాలు వల్లించాను కానీ అమ్మ అడిగినదానికి జవాబు చెప్పలేదు.

ఆ రోజు క్యాసినోలో నేను లేచేటప్పుడు ఆ పెద్దావిడ “ఈ కుర్చీ లక్కీ, గుర్తు పెట్టుకో” అంది. తర్వాత రెండుసార్లు వెళ్లాను. ఆవిడ కనపడలేదు.

మంగళవారం మళ్లీ రివ్యూ ఉంది. ఈసారి స్లైడ్లు తయారు చేయలేదు. మెషీన్‌నే గదిలోకి తోసుకెళ్లి మేనేజర్ చేత వంద సార్లు నొక్కిస్తాను. తెర మీద క్రెడిట్ల అంకెకి ఒక కాగితం అతికించి ఉంచుతాను. వంద అయ్యాక, గెలిచారో పోగొట్టుకున్నారో చెప్పమని అడిగి, అప్పుడు ఆ కాగితం తీస్తాను.