పారేసిన కవర్లు

మా పెదనాన్నగారు పోయిన మూడో నెలలో ఆయన పనిగది సర్దడానికి పూనుకున్నప్పుడు, నేను చేసిన మొదటి పని ఆయనకు వచ్చిన ఉత్తరాలన్నింటినీ కవర్లలోంచి తీసి, మడతలు విప్పి, రాసినవారి పేర్ల వారీగా ఫైళ్లలో పెట్టడం. దుమ్ముపట్టి, అంచులు చిరిగి, ఊరికే చోటు తినేస్తున్నాయని కవర్లను రెండు సంచుల నిండా నింపి పారేశాను. పని ఎంత నీటుగా పూర్తయిందో తలచుకుని ఆ రాత్రి తృప్తిగా నిద్రపోయాను కూడా. ఆ ఉత్తరాల్లో చాలావాటి మీద తేదీ లేదనీ, ఉన్నవాటిలోనూ రోజు, నెల తప్ప సంవత్సరం లేదనీ, ఆ లోటు తీర్చగలిగిన ఒకే ఒక్క ఆధారం కవరు మీది తపాలా ముద్ర అనీ ఆరు నెలల తరవాత గానీ నాకు తెలిసిరాలేదు.

ఆయన నలభై ఏళ్లకు పైగా బొమ్మలు వేశారు. నీటిరంగులతో మొదలుపెట్టి తైలవర్ణాలకు వెళ్లి, చివరి పదేళ్లూ మళ్లీ నీటిరంగులకే తిరిగివచ్చారు. అమ్మినవాటికంటే ఇచ్చేసినవే ఎక్కువ. ఇంట్లో మిగిలినవి రెండు వందలకు పైగా ఉన్నాయి. వాటినే లెక్కపెట్టి, ఫొటోలు తీసి, జాబితా రాస్తే ఆయన పనిని భద్రపరిచే ఆర్కైవు తయారైపోతుందని అప్పట్లో గట్టిగా నమ్మాను. ఒక చిత్రకారుడి ఇంట్లో మిగిలేది ఎవరికీ ఇవ్వనిదీ, ఎవరూ కొననిదీ, ఆయనకే నచ్చక గోడవైపు తిప్పి పెట్టినదీ అన్న సంగతి నాకు తట్టలేదు. ఆయన మంచి పని ఇతరుల ఇళ్లలో ఉంది. ఆయన రాసిన ఉత్తరాలు కూడా, ఆలోచిస్తే, అక్కడే ఉంటాయి కదా.

ఈ విషయంలో డచ్ చిత్రకారుడు విన్సెంట్ వాన్ గో ఉత్తరాల లెక్క కళ్లు తెరిపిస్తుంది. నేటికి మిగిలినవి మొత్తం 902 కాగా, వాటిలో ఆయన రాసినవి 819, ఆయనకు వచ్చినవి 83 మాత్రమే. తమ్ముడు తియో అన్న రాసినవాటిని దాదాపు అన్నీ దాచుకున్నాడు, అన్న మాత్రం తనకు వచ్చినవాటిని చాలావరకు దాచుకోలేదు. విన్సెంట్ 1890 జూలైలోనూ, తియో 1891 జనవరిలోనూ పోయాక ఆ ఉత్తరాల కట్టా, గదుల నిండా ఉన్న చిత్రాలూ తియో భార్య యోహన్నా చేతికి వచ్చాయి. ఆమె ఆ ఉత్తరాలను వరుసకు పేర్చి 1914లో ప్రచురించింది. తేదీలు లేనివి ఎన్నో ఉండడంతో ఆ వరుసను తరవాతి తరం పరిశోధకులు చాలాచోట్ల సవరించవలసి వచ్చింది. పదిహేనేళ్ల కృషి తరవాత 2009లో ఆ ఉత్తరాలన్నీ అందరూ ఉచితంగా చదువుకునేలా ఇంటర్నెట్‌లోకి వచ్చాయి. ఇంతటి పనికీ మూలం ఉత్తరాలు అందుకున్నవాడు వాటిని పారేయకపోవడమే. నేను పారేసినవి వట్టి కవర్లే గదా అని సర్ది చెప్పుకోవడానికి ఒకటి రెండు సార్లు ప్రయత్నించాను, కుదరలేదు.

అందుకని పద్ధతి తిరగేశాము. ఆయన శిష్యులు, స్నేహితులు, బొమ్మలు కొన్నవారు, ఎప్పుడో ఒకసారి ఆయన దగ్గర పాఠం విన్నవారు, ఇలా అందినవారందరికీ ఒకే విన్నపం పంపాము. డబ్బు అడగలేదు. మీ ఇంట ఆయన చిత్రం ఉంటే ముందువైపు ఒక ఫొటో, వెనకవైపు ఒకటి, నాలుగు అంచులూ విడివిడిగా తీసి పంపండి. ఎత్తు ముందు, వెడల్పు తరవాత సెంటీమీటర్లలో కొలిచి రాయండి. ఫ్రేములోంచి బయటికి తీయకండి, తుడవకండి. అది మీ చేతికి ఎలా వచ్చిందో మీకు గుర్తున్నట్టుగా, గుర్తున్నంతే చెప్పండి అని కోరాము. వెనకవైపు ఎందుకని చాలామంది అడిగారు. సంతకం ముందు ఉండవచ్చు, కానీ కథంతా వెనకే ఉంటుంది: పెన్సిలుతో రాసి కొట్టేసిన పేరు, ప్రదర్శనకు పంపినప్పుడు అంటించిన చీటీ, కాన్వాసు బిగించిన తీరు, ఎప్పుడో నీరు కారిన మరక.

బిగించిన తీరు అన్నాను గనుక ఒక సంగతి చెప్పాలి. ఆయనకు చాలా ఏళ్లపాటు చట్రాలు చేసి ఇచ్చిన వడ్రంగి ఒకరు మా పిలుపు విని వచ్చి, సంవత్సరం తెలియని చిత్రాల ఫొటోలను ఒక పూట కూర్చుని చూశారు. బొమ్మల జోలికే పోలేదు. అన్నీ వెనకవైపులే తిప్పి, "ఇది మేకుల కాలంది, ఇది పిన్నుల కాలంది" అంటూ రెండు కుప్పలు చేశారు. మొదట్లో ఆ వడ్రంగి కాన్వాసును చిన్న మేకులతో బిగించేవారట, పిన్నులు కొట్టే స్టేపుల్ గన్ కొన్న తరవాత ఒక్క మేకు కూడా కొట్టలేదట. ఆ గన్ కొన్న సంవత్సరం ఆయనకు బాగా గుర్తు, ఎందుకంటే ఆ ఏడే కూతురు పుట్టింది. నేను రంగుల పొందికను బట్టి, గీత బలాన్ని బట్టి నెలల తరబడి చేసిన ఊహల్లో పదకొండు ఆ పూటతో తప్పని తేలిపోయాయి. మళ్లీ బిగించిన పాత కాన్వాసులు కూడా ఉంటాయి కాబట్టి దీన్ని తిరుగులేని సాక్ష్యంగా తీసుకోలేదు. జాబితాలో తేదీ పక్కన "మేకులను బట్టి, వడ్రంగి చెప్పగా" అని రాశాము. ఎవరు చెప్పారో, దేన్ని బట్టి చెప్పారో రాయని తేదీ నా దృష్టిలో తేదీయే కాదు.

ఇంట్లో ఉన్నవాటి ఫొటోల పని మాత్రం పద్ధతి తెలిస్తే సాగిపోయేదే. పక్కన రంగుల కొలబద్ద పెట్టి, రెండువైపుల నుంచీ సమానమైన వెలుతురు పడేలా తీసి, మూల ఫైలును నాణ్యత తగ్గని టిఫ్ రూపంలో ఉంచి, చూపించడానికి చిన్న సైజు జేపెగ్ నకలు తయారుచేస్తాము. మూడు నకళ్లు, రెండు రకాల సాధనాల మీద, వాటిలో ఒకటి వేరే చోట. అసలు చిత్రాల సంరక్షణకు ఇంతకంటే ఎక్కువ ఓపిక కావాలి. నీటిరంగులకు 50 లక్స్ (వెలుతురును కొలిచే ప్రమాణం) మించిన వెలుతురు తగలనివ్వకూడదని మ్యూజియములు పాటించే నియమం విన్నప్పుడు, కిటికీ పక్క గోడకు ఆయన అంత ఇష్టంగా వేలాడదీసుకున్న బొమ్మ గుర్తొచ్చి గుండె జారింది. వెలుతురు చేసే హాని పోగుపడుతుందే గాని, చీకట్లో పెట్టినంత మాత్రాన వెనక్కి పోదు. ఆ బొమ్మలో ఆకాశం ఇప్పుడు తెల్లగా ఉంది. ఫ్రేము అంచు కింద దాగిన సన్నని పట్టీలో మాత్రం అసలు రంగు, లేత ఊదా, ఇంకా మిగిలి ఉంది. ఆ పట్టీని విడిగా దగ్గరనుంచి ఫొటో తీసి చిత్రంతోపాటే చూపిస్తున్నాము.

హక్కుల సంగతి తేల్చకుండా దేన్నీ పదిమంది ముందు పెట్టకూడదని కూడా ఆలస్యంగానే నేర్చుకున్నాము. చిత్రం కొన్నవారిది కాన్వాసు. దాన్ని అచ్చువేసే హక్కు, రాతపూర్వకంగా బదిలీ చేసి ఉంటే తప్ప, చిత్రకారుడిదీ ఆయన తరవాత వారసులదీ. ఉత్తరమూ అంతే: కాగితం అందుకున్నవారిది, అందులోని మాటల మీద హక్కు రాసినవారిది. కాపీరైట్ మీద దేశాలు చేసుకున్న బెర్న్ ఒప్పందం ప్రకారం ఈ హక్కు సాధారణంగా కర్త మరణించాక కనీసం 50 ఏళ్లు నిలుస్తుంది, చాలా దేశాల చట్టాలు 70 దాకా ఇస్తాయి. వారసులు నలుగురం కూర్చుని, చదువుకోవడానికి, చూపించడానికి ఎవరైనా ఉచితంగా వాడుకోవచ్చనీ, వ్యాపారానికైతే అనుమతి తీసుకోవాలనీ రాసి సంతకాలు చేశాము. ఈ ఒక్క పేజీకి పట్టిన కాలంలో అరవై బొమ్మలు స్కాన్ చేసి ఉండేవాళ్లం, అది వేరే విషయం.

డబ్బు గురించి క్లుప్తంగా. ఒకరే పెద్ద మొత్తం ఇస్తామని ముందుకు వచ్చారు, కానీ ఏ చిత్రాలు ముందు చూపించాలో వారే చెబుతామన్నారు. నెలనెలా కొద్దికొద్దిగా ఇచ్చే చాలామంది మాకు మేలని నిర్ణయించుకున్నాము. భద్రపరిచే ఖర్చు ఒకసారితో తీరేది కాదు, ఏటా వచ్చేది. దానికి ఏటా వచ్చే చేయూతే సరిపడుతుంది. ఇక కొందరు బొమ్మ పంపి, ఇది ఆయనదేనని ధ్రువపత్రం ఇమ్మంటారు. అది మాత్రం ఇవ్వము. అమెరికన్ చిత్రకారుడు ఆండీ వార్హోల్ చిత్రాల అసలుదనాన్ని తేల్చడానికి ఏర్పడిన మండలి సైతం కోర్టు ఖర్చుల భారంతో 2012లో మూతపడింది. మేము ఎంతటివాళ్లం? వచ్చిన చిత్రాన్ని, దాని గురించి చెప్పిన మాటలను, మా సందేహాలను జాబితాలో పక్కపక్కనే పెడతాము.

కవర్ల కథకు ఒక కొసరు ఉంది. పెదనాన్నగారు తాను రాసిన ఉత్తరాల్లో ఆ రోజుల్లో వేస్తున్న బొమ్మల గురించి ఒకటి రెండు వాక్యాలు తప్పకుండా రాసేవారు. వాటిని అందుకున్నవారిలో ఒకరు అన్నింటినీ కవర్లతో సహా, వచ్చిన వరుసలోనే, దారంతో కట్టి దాచారు. ఆ కట్ట విప్పినప్పుడు నేను దారాన్ని కూడా పారేయలేదు. అందులో ఒక ఉత్తరంలో, నదిమీది వంతెనను రెండు కాన్వాసులుగా వేస్తున్నాననీ, విడిగా చూసినా నిలబడాలి, కలిపితే ఒకటి కావాలి అనీ రాశారు. రెండో సగం మాకు అప్పటికే ఫొటోగా అందింది. వెనక "2/2" అని పెన్సిలుతో ఉండగా, అది ప్రదర్శనలో వరుస సంఖ్య అయి ఉంటుందని నేనే రాసిపెట్టాను. ఎడమ అంచు ఫొటోను మళ్లీ పెద్దది చేసి చూస్తే, వంతెన కమ్మీ గీసిన కుంచె దెబ్బ అంచు దాటి, కాన్వాసు మడత మీదకు పోయి, మధ్యలో తెగి ఉంది.

మొదటి సగం ఎవరి ఇంట్లో ఉందో ఇంకా తెలియలేదు. జాబితాలో దానికీ ఒక సంఖ్య ఇచ్చాము. ఎత్తు 61 సెంటీమీటర్లు, రెండో సగాన్ని బట్టి. వెడల్పు ఖాళీ. కుడి అంచు వివరంలో మాత్రం, చూడకుండానే, ఒక వాక్యం రాశాము: ముదురు నీలం గీత, పై నుంచి 17 సెంటీమీటర్ల దగ్గర, అంచు దాటి మడత మీదకు వచ్చి ఉండాలి.